బోధన్ బస్సు వినపడని చోటు

నా దుకాణంలో దుబాయ్ దొరుకుతుంది. నిజామాబాద్ బస్టాండు ఎదురుగా, పండ్ల బండ్ల వరుస దాటగానే ఆకుపచ్చ షట్టరు కనబడుతుంది చూడండి, అదే. పులి బొమ్మల బరువు దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, చార్జింగ్ టార్చిలైట్లు అమ్ముతాను. కొనేవాళ్ళెవరంటే, దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళే. నవ్వకండి. ఎండలో ఏళ్ళకేళ్ళు ఒళ్ళు కాల్చుకుని, చివరికి జీతం కూడా సరిగా అందక విమానం దిగినవాడు ఉత్త చేతులతో ఇంటి గడప ఎలా తొక్కుతాడు? ముందు నా దగ్గరికి వస్తాడు. సామానంతా అట్టపెట్టెలో సర్ది, నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, పైన మార్కర్‌తో పేరూ ఊరూ రాసిస్తాను. పాత గిరాకీలు వదిలేసిపోయిన విమానం చీటీ ఒకటి తాడుకు కడతాను. ఆ పెట్టెను అనుమానించిన మొగాణ్ణి ఈ జిల్లాలో నేనింతవరకు చూడలేదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు. అతికించడం నా వ్యాపారం.

అంతటి వాణ్ణి, సిద్దిరాములు పెట్టె ఒక్కటి మాత్రం ఇంటికి చేర్చలేకపోయాను.

సిద్దిరాములు మా గల్లీకి జైలు నుంచి నేరుగా వచ్చాడు. మెథడిస్టు చర్చి వెనక నర్సవ్వ ఇల్లుంది. ముందు భాగంలో నేనూ నా భార్యా కిరాయికి ఉంటాం. వెనక, బావి పక్కన ఒక చిన్న అర్ర. దాన్ని నర్సవ్వ విడుదలైన ఖైదీలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మొదట్లో నేను గొడవ పడ్డాను. ఆడవాళ్ళున్న ఇల్లు, ఎవరెలాంటి వాడో ఏమో అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"జైలుకెళ్ళి వచ్చినోడు కోడి కూయంగనే లేస్తడు. వాకిలి ఊడుస్తడు. పెట్టింది తింటడు. నువ్వు పొద్దు నెత్తి మీదికొచ్చినా లేవవు. నీకిచ్చినప్పుడు వానికెందుకు ఇయ్యద్దు?"

అసలు సంగతి నా భార్య కనుక్కొచ్చింది. నర్సవ్వ తమ్ముడు విజయ్ పాల్ ఏదో దొంగతనం కేసులో జైలుకు పోయి, విడుదలై, అక్క ఇంటికి వచ్చాడట. అప్పటికి బతికున్న ఆమె పెనిమిటి వీరస్వామి, గల్లీలో తలెత్తుకుని తిరగొద్దా అని అతణ్ణి గుమ్మంలోనే ఆపేశాడు. విజయ్ పాల్ మంచినీళ్ళు తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. వీరస్వామి పోయాక నర్సవ్వ ఆ అర్రకు సున్నం వేయించి, జైలుకు ప్రార్థన చెప్పడానికి వెళ్ళే పాస్టరుగారితో, దిక్కులేనోళ్ళుంటే పంపమని చెప్పింది. దిగిన ప్రతివాణ్ణీ మొదటిరోజే అడుగుతుంది, "ఏ జైల్లనన్న విజయ్ పాల్ అనేటోడు కనబడ్డడా నాయ్‌నా? ఎడమ చెవికి పోగుంటది." ఎవరూ చూడలేదు. ఆమె అడగడం మానలేదు.

సిద్దిరాములు కూడా చూడలేదన్నాడు. అని, ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు. అప్పుడే నాకు ఆ మనిషి నచ్చాడు.

అతనిది బాల్కొండ దగ్గర పల్లె. కాలువ తూము దగ్గర నీళ్ళ వంతు కోసం లొల్లి అయింది. కోపంలో పార కామ తిప్పి కొట్టాడు. అవతలివాడు మళ్ళీ లేవలేదు. యావజ్జీవ శిక్ష పడి, సత్ప్రవర్తన కింద ముందుగా బయటపడ్డాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఎదుటివాడు ఏమన్నాడో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. "కొట్టింది నా చెయ్యే గదన్నా" అని ఊరుకునేవాడు.

జైలుకు పోయేనాటికి అతని బిడ్డ సవితకు నాలుగేళ్ళు. భార్య సుమలత ఊళ్ళో ఉండలేక, పిల్లను ఎత్తుకుని, తెలిసిన ముఖం ఒక్కటి లేని బోధన్ చేరింది. బీడీలు చేస్తే ఎక్కడైనా బతకొచ్చు, కానీ బీడీలు చేయడానికైనా ఒక కప్పు కావాలి కదా. పక్కన మొగవాడు లేని ఆడదానికి ఇల్లిచ్చేదెవరు? ఒక ఇంటాయన, "మీ ఆయనేం జేస్తడమ్మా?" అని అడిగితే ఆమె నోట్లోంచి వచ్చేసింది, "దుబాయ్‌ల ఉన్నడు" అని.

మా వైపు ఇంతకంటే తేలికైన అబద్ధం లేదు. ప్రతి గల్లీకీ ఒకడు అక్కడ ఉండనే ఉంటాడు. ఏళ్ళు గడిచినా రాకపోతే "కల్లివెల్లి అయిండు" అంటే చాలు. అంటే కంపెనీని వదిలేసి, కాగితాలు లేక, దొంగచాటుగా పనులు చేసుకుంటున్నాడని. అయ్యో పాపం అంటారు, ఇంకో ప్రశ్న అడగరు. సుమలత అందరికీ అదే చెప్పింది. బిడ్డకూ అదే చెప్పింది. బిడ్డకు నిజం చెబితే అది బడిలో నోరు జారుతుంది, ఇల్లు చేయిజారుతుంది అనుకుంది. తప్పంటారా? నేనైతే అనను. నా దుకాణం నిలబడిందే ఇలాంటి మాటల మీద.

జైల్లో ఉన్నన్నాళ్ళూ సిద్దిరాములు ఫోన్ చేయనిచ్చిన రోజున బిడ్డతో దుబాయ్ నుంచి మాట్లాడాడు. ఇక్కడి నంబరు పడుతుందేమని పిల్ల అడిగితే, నెట్ ఫోన్లకు ఏ నంబరైనా పడుతుందని తల్లి నమ్మబలికింది. విమానం గాలి కూడా సోకని మనిషి దుబాయ్ గురించి ఏం చెబుతాడు? పక్క బ్యారక్‌లో ఆర్మూర్ హన్మండ్లు అని ఒకడు నిజంగానే అక్కడ తాపీ పని చేసి వచ్చినవాడు. అతని దగ్గర కూర్చుని, పరీక్షకు చదివినట్టు దుబాయ్ నేర్చుకున్నాడు. అక్కడ శుక్రవారం సెలవు. మనకంటే పొద్దు వెనక గుంకుతుంది. నల్లా తిప్పితే ఎండాకాలం కాగిన నీళ్ళే వస్తాయి. ఇవన్నీ విన్నాక నేను ఒకసారి, "నువ్వు నాకంటే ఎక్కువ దుబాయ్ అమ్మినవయ్యా" అన్నాను. అతను నవ్వలేదు.

విడుదలయ్యాక వాళ్ళింటికి పోవడానికి లేకపోయింది. ఇంటాయన పైభాగంలోనే ఉంటాడు, కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునే రకం. జైలు మాట బయటపడితే సాయంత్రానికి సామాను వీధిలో ఉంటుంది. బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. కాబట్టి సిద్దిరాములు దుబాయ్ నుంచి వచ్చినట్టు రావాలి, పెట్టెతో, కారులో, సెంటు వాసనతో. అప్పటిదాకా తలదాచుకోవడానికి నర్సవ్వ అర్ర.

నా దుకాణం ముందు చెరకు రసం బండి నడిపే మరాఠీ ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మనిషి కావాలంటే నేనే సిద్దిరాములును పెట్టించాను. మంచి చేశాననే అనుకున్నాను. బండికి ఎదురుగా ఏ బస్సు ఆగుతుందో నాకు తట్టలేదు.

"జానకంపేట, ఎడపల్లి, బోధన్! బోధన్, బోధన్!" అని పొద్దస్తమానం కండక్టర్లు అరుస్తారు. ఆ అరుపు వినబడ్డప్పుడల్లా అతని చేతిలో చెరకు ఒక క్షణం ఆగేది. రసం మిషన్‌కు కట్టిన గజ్జెలు కూడా ఆగేవి. నా గల్లా దగ్గర కూర్చున్న నాకు, తల తిప్పకుండానే, బోధన్ బస్సు వచ్చిందని ఆ గజ్జెలను బట్టి తెలిసేది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో చెరకు కట్టలు ఆ వైపు నుంచే వచ్చేవి. గణుపుల దగ్గర నల్లమట్టి అంటుకుని ఉంటే వెంటనే కడిగేవాడు కాదు. వేలితో గీరి చూసేవాడు.

"గీ మట్టిల మా సవిత నడుస్తది గావచ్చన్నా" అన్నాడొకసారి.

"బోధన్ టౌన్‌ల సిమెంటు రోడ్లయ్యా" అన్నాను. నా నోటికి తాళం వేయాలి. ఆ మాట అన్నందుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు.

బిడ్డతో మాట్లాడాలంటే బస్టాండు రొద వినపడకూడదు. అందుకని నా దుకాణం వెనక భాగం అడిగాడు. అక్కడ దుప్పట్లు కప్పుదాకా పేర్చి ఉంటాయి. వాటి మధ్య మనిషి పట్టేంత సందు. లోపల కూర్చుంటే బస్సు హారన్ కూడా లీలగా వినబడుతుంది. సిద్దిరాములు ఆ సందులోకి దూరి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ, "ఇక్కడ ఏసీ మస్తు సల్లగుంటది బిడ్డా" అనేవాడు. నేను షట్టరు సగం దించి, వచ్చే గిరాకీని బయటే నిలబెట్టేవాణ్ణి. నా వ్యాపారానికి అది నష్టమే, కానీ ఆ పది నిమిషాలు గల్లాలో చిల్లర కూడా చప్పుడు కానిచ్చేవాణ్ణి కాదు.

ఒక సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ పిల్ల తండ్రిని ఏదీ తెమ్మని అడగదు. ఇన్నేళ్ళ నా దుకాణంలో, దుబాయ్‌లో ఉన్న నాన్నను ఏమీ తెమ్మనని బిడ్డను నేను చూడలేదు. ఫోను తెమ్మంటారు, వాచీ తెమ్మంటారు, ఏమీ తోచకపోతే చాక్లెట్లన్నా తెమ్మంటారు. సవిత, "తిన్నవా బాపూ? కాళ్ళు గుంజుతున్నయా? నిద్ర పడుతుందా?" అని ఇవే అడిగేది. ఈ రోజుల్లో వీడియో కాల్ చేయమని అడగని పిల్ల ఉంటుందా? ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్ళు రాలేదని తండ్రి మీద లోపల కోపం ఉందేమో అనుకున్నాను. సిద్దిరాములూ అదే అనుకుని కుమిలిపోయాడు. ఆమె చిన్నప్పటి బడి ఫొటో ఒకటి అతని దగ్గర ఉంది. రెండు జడలు, ముందు పన్ను లేదు. "ఇప్పుడు ఎదురుపడితే గుర్తువట్టనేమో అన్నా" అనేవాడు. నేను దుప్పటి మడతపెడుతున్నట్టు నటించేవాణ్ణి.

ఒక ఆదివారం చెప్పకుండా బోధన్ బస్సెక్కాడు. సాయంత్రం చూస్తే మళ్ళీ బావి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎడపల్లి దాకా పోయి దిగిపోయాడట.

"చెరుకు తోటలు మొదలైనయన్నా. ఇంక జరసేపైతే ఊరొస్తది. గా ఇల్లు ఊడగొట్టడానికి పోతున్నట్టు అనిపిచ్చింది. దిగిన" అన్నాడు.

నర్సవ్వ అతని ముందు కంచం పెట్టింది. "పోనోని కంటె సగం దూరం పోయినోడు నయమే. తిను" అంది. ఆ రాత్రి ఆమె కూడా తినలేదని నా భార్య చెప్పింది.

అతని పెట్టె మీద నేను పెట్టినంత శ్రద్ధ నా సొంత బావమరిది పెట్టె మీద కూడా పెట్టలేదు. భార్యకు దుప్పటి, ఇంటాయనకు సెంటు, గల్లీ పిల్లలకు చాక్లెట్లు. బిడ్డకేం పెట్టాలో తేలలేదు, అడగలేదు కదా. చివరికి ఒక మంచి స్కూలు బ్యాగు పెట్టాం. తాడు బిగించి, "సిద్దిరాములు, బోధన్" అని పెద్దక్షరాలతో రాశాను. ఆ రెండు మాటలు పక్కపక్కన చూసి అతను దగ్గరికి వంగాడు. వేలు పెట్టి అక్షరాలను తాకబోయి, తడి ఆరలేదని వెనక్కి తీసుకున్నాడు.

పెట్టె సిద్ధమైంది గానీ రమ్మనే కబురు రాలేదు. దసరా పోనీ అంది సుమలత. తర్వాత, ఇంటాయన అల్లుడు నిజంగా దుబాయ్ నుంచి దిగాడు, ఏ క్యాంపు ఏ కంపెనీ అని గుచ్చి గుచ్చి అడుగుతాడు, అతను వెళ్ళనీ అంది. తర్వాత, పిల్ల పరీక్షలు కానీ అంది. పెట్టె మీద దుమ్ము పడితే నేను తుడుస్తూ వచ్చాను. పరీక్షలు కూడా అయిపోయాయి. అప్పుడు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, ఏడుస్తూ, ఆఖరి మాట చెప్పింది.

"ఇంటాయనకు ఏదో అనుమానమొచ్చింది. బిడ్డ ముంగట సదువు ఉంది. గా చదువైనదాంక నువ్వు దుబాయ్‌లనే ఉండు. నీ కాళ్ళు మొక్కుత."

అతను "సరే" అన్నాడు. అంతే. దుప్పట్ల సందులోంచి బయటికి వచ్చి, "పెట్టె ఇప్పెయ్యన్నా, ఎవలకన్న అక్కరకొస్తది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో కూడా తెలియదు. సుమలత మీద కాదు. తల మీద కప్పు కోసం ఒక ఆడది మొగుణ్ణి బతికుండగానే సముద్రం అవతలికి పంపాల్సి వచ్చిన ఈ లోకం మీద అనుకోండి. "నేను ఇప్ప. నీ ఇష్టమున్నోని తోని ఇప్పిచ్చుకో పో" అని కసిరాను. అతను బండి దగ్గరికి పోయి చెరకు అందుకున్నాడు.

ఆ సాయంత్రమే జరిగింది. ఎండ తగ్గని వేళ, బండి చుట్టూ జనం. కసిరినందుకు మనసొప్పక నేను కూడా ఒక గ్లాసు రసం తీసుకుని అక్కడే నిలబడ్డాను. బండి మీద పెట్టిన అతని ఫోన్ మోగింది. సవిత ఆ వేళప్పుడు ఎన్నడూ చేయదు. మామూలు రోజైతే పరుగున దుప్పట్లలోకి పోయేవాడే. ఆ రోజు అతనిలో అంత జాగ్రత్త మిగల్లేదు. రెండు చేతులూ రసంతో జిగటగా ఉన్నాయి. వేలి కణుపుతో స్పీకరు నొక్కాడు.

"బాపూ, ఏం జేస్తున్నవ్?"

"డ్యూటీల ఉన్న బిడ్డా."

అప్పుడే మా వెనక, చెవి పక్కనే, కండక్టరు గొంతు లేచింది. "జానకంపేట, ఎడపల్లి, బోధన్! బోధన్, బోధన్, బోధన్!"

సిద్దిరాములు గబుక్కున బండి మీదికి వంగాడు. ఫోన్ ఆపబోయాడు, జిగట వేళ్ళకు అది చిక్కలేదు. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది, గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

"బాపూ" అంది సవిత, "గా బస్సు నిండిందా?"

అతను బస్సు వైపు చూశాడు. "లేదు బిడ్డా. సీట్లున్నయి" అన్నాడు.

"అయితే ఎక్కు."

"బిడ్డా, ఇల్లు..."

"నాకు ఏడో తరగతి నుంచి ఎర్కనే బాపూ. అమ్మమ్మ సచ్చిపోతే ఊరికి పోయినప్పుడు చెప్పిండ్రు. అమ్మ బాధవడతదని ఎవ్వలకు అనలే. అమ్మ నిన్ను అక్కడనే ఉండుమన్నదట, ఇప్పుడే ఏడ్సుకుంట చెప్పింది. ఇల్లు పోతే ఇంకో ఇల్లు జూద్దాం. నువ్వు ఎక్కు. నేను బస్టాండ్ల నిలవడుత. ఎర్ర చున్నీ ఏసుకొస్త, గుర్తువడుతవ్."

ఇన్నేళ్ళూ ఏమీ ఎందుకు అడగలేదో నాకప్పుడు తెలిసింది. తండ్రి తేలేడని తెలిసిన పిల్ల ఏం తెమ్మంటుంది? ముఖం చూపించలేడని తెలిసి వీడియో ఎలా అడుగుతుంది? మేము కోపం అనుకున్నదంతా తల్లిదండ్రుల మీద జాలి. నేను మహా అబద్ధాలు అతికించేవాణ్ణని మురిసిపోతుంటే, ఆ పసిది అయిదారేళ్ళుగా నా దుకాణం మొత్తాన్ని మోసింది.

సిద్దిరాములు నడుముకు కట్టిన తడి తుండుతోనే పరుగెత్తాడు. "పెట్టె! పెట్టె!" అని నేను అరిచాను. వెనక్కి తిరగలేదు. కదులుతున్న బస్సు కమ్మీ పట్టుకుని లోపలికి ఎక్కాడు. కిటికీలోంచి చూస్తాడేమో అనుకున్నాను. అతను ముందుకు, డ్రైవరు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నాడు.

బండి దగ్గర గిరాకీ గొణుగుతోంది. ఇంకేం చేస్తాను, చొక్కా చేతులు మడిచి నేనే మిషన్ పట్టాను. కళ్ళు మసకబారి వేలు నలగబోయింది. ఎప్పుడూ వచ్చే ఆటో నాగేందర్ గ్లాసు అందుకుంటూ వింతగా చూశాడు.

"ఏంది సేటూ, నువ్వు రసం తీస్తున్నవ్? మనోడేడి?"

"ఇంటికి పోయిండు."

"యాడికెళ్ళి వచ్చిండో గని, దుబాయ్‌కెళ్ళా?"

నా నోటికి అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కాదు. జైలుకెళ్ళి వచ్చిండు" అన్నాను. నాగేందర్ ఒక గుటక వేసి, "పోనీ తీ, ఇంటికైతే పోయిండు గదా" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు నర్సవ్వ చర్చి నుంచి వస్తూ బండి దగ్గర ఆగింది. జరిగింది చెప్పాను. ఆమె బోధన్ రోడ్డు వైపు కాసేపు చూసింది. ఆ చూపులో సిద్దిరాములు ఒక్కడే లేడని నాకు తెలుసు.

"ఇంటాయన ఉండనియ్యడు రాజారాం. వారంల ఎల్లగొడతడు" అంది.

"అవునవ్వా."

"మన అర్రల ముగ్గురు వడతరా?"

నేను లెక్కకడుతూ ఉండగానే ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. "వడతరు. నువ్వు బండి కట్టేసి రా. గా బావి పక్క కట్టెలన్నీ తీసెయ్యాలె" అని గల్లీలోకి నడిచింది.